ఆఖరి రీలు దాకా దాచిపెట్టిన కులం

'రంగస్థలం' సినిమా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కుమార్‌బాబుని ఎవరు చంపారు? ఎందుకు చంపారు? దాదాపు మూడు గంటల సినిమాలో జవాబు చివరి ఘట్టంలో గానీ బయటపడదు. అప్పటిదాకా చూసేవాడు ఊరి ప్రెసిడెంటునే అనుమానిస్తూ కూర్చుంటాడు. తీరా అసలు సంగతి తెలిశాక అబ్బో ఎంత మలుపు అనుకుంటూ బయటికొస్తాడు. ఏంటండీ మలుపు? పైకులం పెద్దమనిషి కూతురూ, కిందికులం కుర్రాడూ ప్రేమించుకున్నారు. కుర్రాణ్ణి చీకట్లో చంపేశారు. చంపించిందెవరో చెప్పడానికి డిటెక్టివు కావాలా? మన పేటలో పదేళ్ళ పిల్లోణ్ణి అడగండి. ఆ ఇద్దరి ప్రేమ సంగతి తెర మీద తెలిసిన నిమిషంలోనే చెప్పేస్తాడు.

ఒకే సినిమా ఊళ్ళో వాళ్ళకి సస్పెన్సు, పేటలో వాళ్ళకి కాదు. మా పేచీ అంతా ఇక్కడే.

2018లో వచ్చిన సినిమా మీద ఇప్పుడు రాతలేంటి అనొచ్చు. టీవీలో వేస్తే ఇప్పటికీ ఇల్లంతా కూర్చుని చూస్తోంది. మన కుర్రోళ్ళకి చిట్టిబాబు మాటలు కంఠతా వచ్చు. పైగా ఇది కోనసీమ మనిషి తీసిన సినిమా. దర్శకుడు సుకుమార్‌ది రాజోలు పక్కన మట్టపర్రు. సినిమాల్లోకి పోకముందు కాకినాడలో లెక్కల మేష్టారుగా పనిచేశాడు. కాలవగట్టూ, రేవూ, సొసైటీ ఆఫీసూ, ప్రెసిడెంటు ముందు చేతులు కట్టుకుని నిలబడే రైతూ, ఇవన్నీ ఎరిగినవాడు తీశాడు కాబట్టే అందులో ఊరు ఊరులా ఉంది. ఆ ఊరి సెట్టు హైదరాబాదులో వేశారంటే నమ్మబుద్ధి కాదు.

మంచిని మంచి అనాలి. అంతకుముందు గోదావరి సినిమా అంటే ఏంటి? కొబ్బరిచెట్ల నీడలో మండువా లోగిలి, పట్టుపరికిణీలు, ఇరవైమంది చుట్టాలు, పెళ్ళిపందిరి, పడవ మీద పాట. ఆ లోగిలి వెనక దొడ్లో కాయ దింపు తీసేవాడు, కాయ వలిచేవాడు, పేడకళ్ళెత్తే మనిషి ఏ పేట నుంచి వచ్చారో కెమేరా ఎప్పుడూ తిరిగి చూడలేదు. రంగస్థలం తిరిగి చూసింది. రామ్‌చరణ్ లాంటి పెద్ద హీరో చేత లుంగీ కట్టించి, చెవి సరిగా వినపడనివాడిగా, ఇంజను పెట్టి చేలకి నీళ్ళు తోడేవాడిగా చూపించింది. సమంత చేత మట్టిలో పని చేయించింది. సొసైటీ అప్పు రైతు మెడకి ఉచ్చెలా అవుతుందో, కాగితం చదవడం రానివాడి పొలం వేలిముద్రతో ఎలా పోతుందో చెప్పింది. ఆ సినిమాకి శబ్దాలు కలిపినందుకు జాతీయ అవార్డు వచ్చింది. వినపడనివాడి కథకి శబ్దంలో బహుమతి రావడం బాగానే ఉంది. సరే, ఇక అసలు సంగతికొద్దాం.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. ఎనభైల నాటి ఊరు. తండ్రి కోటేశ్వరరావు దర్జీ. ఇద్దరు కొడుకులు. పెద్దోడు కుమార్‌బాబు దుబాయి వెళ్ళొచ్చాడు, లోకం చూశాడు. (మన పేటల్లో గల్ఫుకి పోయేది ఎక్కువగా ఆడమనుషులు. కువైట్లో, మస్కట్లో ఇళ్ళల్లో పాచిపనికి. వాళ్ళ కథ ఇంకా ఏ పెద్ద హీరోయినూ ఒప్పుకోలేదు.) ముప్పై ఏళ్ళుగా ఎదురులేని ప్రెసిడెంటు ఫణీంద్రభూపతి మీద కుమార్‌బాబు పోటీకి నిలబడతాడు. అతనికి దన్నుగా దక్షిణామూర్తి అనే రాజకీయ నాయకుడుంటాడు. మంచివాడు, చదువుకున్నవాడు, పద్ధతైనవాడు. ఎన్నికల వేళ కుమార్‌బాబు హత్య అవుతాడు. తమ్ముడు చిట్టిబాబు పగతో రగిలిపోతాడు. చివరికి తేలేదేంటంటే, చంపించింది ప్రెసిడెంటు కాదు, దక్షిణామూర్తి. కారణం? అతని కూతుర్ని కుమార్‌బాబు ప్రేమించాడు. ఎన్నికల్లో పక్కన నిలబెట్టుకోవడానికి పనికొచ్చిన కులం ఇంట్లోకి అల్లుడుగా రావడానికి పనికిరాలేదు. లారీ గుద్ది మంచాన పడ్డ ఆ దక్షిణామూర్తికి చిట్టిబాబు ఏళ్ళ తరబడి సేవ చేసి, లేచి కూర్చున్నాక నిజం చెప్పి చంపుతాడు.

దక్షిణామూర్తి పాత్ర మాత్రం నిజంగా నిజం. ఇలాంటోళ్ళని మనం ఎరుగుదుం. ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేస్తారు. భోజనాల పంక్తిలో మన పక్కనే కూర్చుంటారు. 'మనలో మనకి కులమేంటయ్యా' అంటారు. ఇంటి గుమ్మం దగ్గర మాత్రం వేరే లెక్క. ప్రకాష్‌రాజ్ చేత ఆ మనిషిని చూపించినందుకు సుకుమార్‌కి మొక్కాలి. కరడుగట్టిన పెత్తందారు కన్నా నవ్వుతూ మాట్లాడేవాడే ప్రమాదం అని మన పెద్దలు ఏనాడో చెప్పారు.

కానీ ఆ సంగతి చెప్పడానికి ఎంచుకున్న దారి చూడండి. కుమార్‌బాబుది ఏ కులం? దర్జీ కొడుకు అంటారు. తక్కువోడు అని తెలుస్తుంది. పేరు పెట్టి చెప్పరు. దక్షిణామూర్తిది ఏ కులం? అదీ చెప్పరు. మొత్తం సినిమాలో ఊరు ఊరంతా ప్రెసిడెంటు చేతిలో ఒకేలాగా నలిగిపోతున్నట్టు చూపిస్తారు. ఊరికి ఒక పేట ఉన్నట్టూ, ఆ పేటకి వేరే రేవూ వేరే దారీ ఉన్నట్టూ తెలియనివ్వరు. రెండున్నర గంటలు ఊళ్ళో కులమే లేదు. హఠాత్తుగా చివర్లో ఒక మనిషి గుండెలో దాచుకున్న రహస్యంలాగా కులం బయటికొస్తుంది. ఆ మనిషిని చంపేస్తే కులం చచ్చిపోయినట్టు సినిమా అయిపోతుంది.

కులం రహస్యమా? రేషన్ కార్డులో ఉంది, ఇంటిపేరులో ఉంది, శ్మశానంలో ఉంది, హోటల్లో గ్లాసులో ఉండేది. ఎక్కడా దాగింది కాదు. దాన్ని రహస్యం చేసింది సినిమా.

ఇంకో సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' తీశారు. చలం కథ, కాంచనమాల నాయిక. బ్రాహ్మల కుర్రాడు మాలపిల్లని ప్రేమిస్తాడు. ఆ సినిమాలో ఉన్న సంస్కరణ ధోరణి మీద, మనల్ని ఎవరో వచ్చి ఉద్ధరించాలన్న ఆలోచన మీద మాకు చాలా అభ్యంతరాలున్నాయి. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. కులం పేరుని పోస్టరు మీదే వేశారు. గాంధీ టోపీల కాలంలో పోస్టరు మీద వేసిన మాటని 80 ఏళ్ళ తర్వాత, మైత్రీ మూవీస్ అంత పెద్ద కంపెనీ, రామ్‌చరణ్ అంత పెద్ద హీరో ఉండి నోటితో అనలేకపోయారు. ఎందుకంటారు? కులం పేరు చెబితే ఒక కులం అభిమానులు నొచ్చుకుంటారు. నొచ్చుకుంటే టిక్కెట్టు తెగదు. మనం నొచ్చుకుంటామని మాత్రం ఎవరూ భయపడరు. మన డబ్బులు ఎటూ వస్తాయి.

ఆ సినిమా విడుదలైన రోజులు గుర్తుతెచ్చుకోండి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టానికి పళ్ళు పీకుతూ తీర్పు చెప్పింది. విచారణ లేకుండా కేసు వద్దు, పైవాళ్ళ అనుమతి లేకుండా అరెస్టు వద్దు అంది. మార్చి 27న అదే కోర్టు శక్తివాహిని కేసులో ఇంకో తీర్పు ఇచ్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే కుటుంబం, కులం, ఊరు అనుమతి అక్కర్లేదనీ, పరువు పేరుతో జరిగే హత్యల్ని ఆపాల్సిన బాధ్యత ప్రభుత్వానిదనీ చెప్పింది. మార్చి 30న రంగస్థలం వచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేశారు. ఉత్తరాదిన కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఒత్తిడికే ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని మళ్ళీ సరిచేసింది. ఒక్క రెండు వారాల్లో ఇన్ని జరిగాయి. రోడ్డు మీద జనం కులం అని అరుస్తుంటే హాల్లో చిట్టిబాబు హంతకుడెవరో తెలీక వెతుక్కుంటున్నాడు.

ఆరు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కన నడుస్తుండగా నరికేశారు. కిరాయి ఇచ్చింది పిల్ల తండ్రి. అక్కడేమైనా సస్పెన్సు ఉందా? భార్య ఆ రోజే చెప్పింది ఎవరు చేయించారో. చేయించిన తండ్రికి వత్తాసుగా 'కన్న కడుపు మంట' అంటూ మాట్లాడినోళ్ళు కూడా బయల్దేరారు. వాళ్ళు సినిమా చూసే ఉంటారు. దక్షిణామూర్తి చావుకి చప్పట్లు కొట్టే ఉంటారు.

ఇక చిట్టిబాబు సంగతి. సినిమా అంతా కుటుంబ ప్రేమ. అన్న కోసం తమ్ముడు ఏమైనా చేస్తాడు. చూస్తుంటే మా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, కాదనం. ఐతే ఆ ప్రేమ ఎంతవరకు? తన ఇంటి గడప వరకు. అన్న చనిపోతేనే కత్తి లేచింది. అన్న కాకుండా పక్కింటోడు చనిపోతే? అన్న నెత్తురు కోసం ఒక్కడే వెతికాడు, ఒక్కడే కాపు కాశాడు, ఒక్కడే చంపాడు. కోర్టు లేదు, కేసు లేదు, సాక్షి లేడు, ఊరు లేదు. కూతురి కోసం దక్షిణామూర్తి చంపాడు, అన్న కోసం చిట్టిబాబు చంపాడు. ఇద్దరికీ ఇల్లే లోకం. ఇంటి పరువు కోసం చంపేవాడికీ, ఇంటి పగ కోసం చంపేవాడికీ సినిమా తేడా చూపించింది, నిజమే. కానీ ఇల్లు దాటి ఆలోచించే మనిషిని మాత్రం ఒక్కణ్ణీ బతకనివ్వలేదు. ఉన్న ఒక్క కుమార్‌బాబునీ మధ్యలోనే చంపేసింది.

అవే ఎనభైల్లో నిజంగా ఏం జరిగింది? 1985 జూలై 17న కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదె కుడితి బకెట్టు కడుగుతుంటే ఇదేంటని అడిగినందుకు, మీదికొచ్చినోళ్ళకి మున్నంగి సువార్త ఎదురు తిరిగి కుండ ఎత్తినందుకు, తెల్లారేసరికి మాదిగపల్లె మీద దండెత్తి ఆరుగురిని చంపారు. చనిపోయినవాళ్ళ తమ్ముళ్ళు కత్తులు పట్టుకుని చీకట్లో తిరగలేదు. ఊరు ఊరంతా చీరాల వచ్చి శిబిరం వేసింది. చుట్టుపక్కల జిల్లాల నుంచి బియ్యం మూటలొచ్చాయి. కత్తి పద్మారావు గారూ, బొజ్జా తారకం గారూ దళిత మహాసభ కట్టారు. తారకం గారిది ఎక్కడో కాదు, మన కోనసీమలోని కందికుప్ప. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిలో ఉండి, కారంచేడు జరిగాక ఆ పదవి వదిలేసి వచ్చారు. ఆయనకి ఆ చనిపోయినవాళ్ళు అన్నలా, తమ్ముళ్ళా? చుట్టరికం ఏమీ లేదు. ఆ కేసు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా 23 ఏళ్ళు నడిచింది. అన్నేళ్ళు సాక్షుల్ని కాపాడుకోవడం, బెదిరింపులకి లొంగకుండా నిలబెట్టడం, ప్రతి వాయిదాకీ ఛార్జీలు పోగుచెయ్యడం - దాన్ని మించిన యాక్షన్ సినిమా ఉంటుందా? కందికుప్ప మనిషి కథ మట్టపర్రు మనిషికి తెలియదంటే నమ్మలేం. రెండు ఊళ్ళూ ఒకే కోనసీమలో ఉన్నాయి.

మూడేళ్ళకి, 2021 ఆగస్టు 27న, ఇంకో సినిమా వచ్చింది. 'శ్రీదేవి సోడా సెంటర్'. 'పలాస 1978' తీసిన కరుణకుమార్ దర్శకుడు. కథ జరిగేది సాక్షాత్తూ అమలాపురంలో. సూరిబాబు కరెంటు పనివాడు, జాతర్లకీ తీర్థాలకీ లైట్లు కడతాడు. సోడా కొట్టు సంజీవరావు కూతురు శ్రీదేవిని ప్రేమిస్తాడు. కులం అడ్డొస్తుంది. చివరికి కన్నతండ్రే కూతుర్ని పరువు కోసం చంపుతాడు. ఇది రంగస్థలం కన్నా ఒక అడుగు ముందుకేసిన సినిమా అని మా అభిప్రాయం. హంతకుడు జమీందారు కాదు, నాయకుడు కాదు. గోళీసోడా అమ్ముకునే బడుగుజీవి. కులం పిచ్చి కోటలోనే ఉంటుందనుకున్నవాళ్ళకి కొట్లోనూ ఉంటుందని చూపించింది. ఫైటింగులూ, పడవ పందాలూ లేకుండా ఆ ఒక్క సంగతే తీసి ఉంటే ఇంకా బాగుండేది.

ఒక చిత్రం గమనించారా? రంగస్థలంలో కొడుకుని పోగొట్టుకున్న దర్జీ తండ్రిగా వేసింది నరేష్. సోడా సెంటర్లో కూతుర్ని చంపిన తండ్రిగా వేసిందీ నరేషే. ఒకే మొహం. ఒక సినిమాలో గుండె బాదుకుని ఏడ్చింది, ఇంకో సినిమాలో గుండె రాయి చేసుకుంది. రెంటిలోనూ పిల్లల మీద ప్రేమ ఉన్న తండ్రే. 'నాన్న ప్రేమ' అని మురిసిపోయేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొగపిల్లాడికి కుటుంబం మీద ప్రేమ అంటే కత్తి పట్టడం. ఆడపిల్లకి కుటుంబం మీద ప్రేమ అంటే నోరు మూసుకోవడం, లేకపోతే ప్రాణం ఇవ్వడం. శ్రీదేవి ఇచ్చింది.

సోడా సెంటర్ రంగస్థలం అంతగా ఆడలేదు. అది వచ్చిన తొమ్మిది నెలలకి అదే అమలాపురంలో, 2022 మే 24న, జిల్లా పేరుకి ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ అని చేర్చినందుకు ఊరు తగలబడింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. బీసీ ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. అమలాపురం పార్లమెంటు సీటు మనకి రిజర్వుడు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ సీట్లు రిజర్వుడు. అమలాపురం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరు కుర్చీలో కూర్చున్నారు. అవన్నీ ఓర్చుకున్నారు. కోనసీమ అన్న మాటని తమ ఇంటిపేరు అనుకున్నవాళ్ళు, ఆ ఇంటిపేరు పక్కన మన పేరు రావడం మాత్రం ఓర్చుకోలేకపోయారు. దక్షిణామూర్తి లెక్క ఇక్కడా అదే. పంక్తిలోకి రావచ్చు, ఇంట్లోకి రాకూడదు. జూన్‌లో ప్రభుత్వం ఆ పేరే ఖాయం చేసింది, అది వేరే సంగతి.

ఆ రోజు రాళ్ళు పట్టుకున్న కుర్రోళ్ళూ, మన పేట కుర్రోళ్ళూ ఒకే హీరో సినిమాకి ఒకే వరసలో కూర్చుని విజిల్స్ వేసినవాళ్ళే. దీన్ని చూపించి 'సినిమా హాల్లో కులం లేదు కదా' అంటారు కొందరు. వాళ్ళకి చుండూరు గుర్తు చేస్తాం. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో డిగ్రీ చదివే దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో రెడ్డి కుర్రాడికి తగిలింది. తగిలింది కాలే. అక్కడ మొదలై, సాంఘిక బహిష్కారం దాకా వచ్చి, ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి తుంగభద్ర కాలవలో పడేసేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేల టిక్కెట్టు నుంచి కుర్చీ టిక్కెట్టుకి మన కాలు రావడమే అక్కడ నేరం. అందుకని ఫ్లెక్సీకి చందా వేసే తమ్ముళ్ళు అభిమానించండి, వద్దనం. ఆ ఫ్లెక్సీలో మీ ఫోటో ఏ మూల వేశారో, అసలు వేశారో లేదో మాత్రం చూసుకోండి.

మన లోపలి సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మాల కుర్రాడూ మాదిగ పిల్లా ఇష్టపడ్డారంటే మన పేటల్లోనే తలుపులు మూసుకునే పెద్దలున్నారు. కత్తి పట్టకపోవచ్చు. అన్నం పెట్టడం మానేస్తారు. సోడా కొట్టు సంజీవరావుని తిట్టేముందు ఆ తలుపులు తియ్యాలి.

కార్యకర్తలకి ఒక పని. శక్తివాహిని తీర్పు కేవలం మంచిమాటలు కాదు, అందులో ఆదేశాలున్నాయి. ఇలా పెళ్ళి చేసుకున్న జంటల ఫిర్యాదులు తీసుకోడానికి ప్రతి జిల్లాలో ఒక ప్రత్యేక విభాగం ఉండాలి, అందులో ఎస్పీ, సాంఘిక సంక్షేమ అధికారి ఉండాలి. 24 గంటలూ పనిచేసే ఫోను ఉండాలి. జంట దాక్కోడానికి కాదు, ధైర్యంగా ఉండటానికి రక్షణ గృహం ఏర్పాటు గురించి ప్రభుత్వం ఆలోచించాలి. ముందే తెలిసి కూడా కదలని పోలీసు మీద శాఖాపరమైన చర్య మొదలుపెట్టి ఆరు నెలల్లో తేల్చాలి. హత్య జరిగితే వీలైనంతవరకు ఆరు నెలల్లో విచారణ ముగించాలి. ప్రణయ్ కేసులో నల్లగొండ కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న. అంటే ఆరున్నర ఏళ్ళకి.

అంబేడ్కర్ పేరు పెట్టుకున్న మన జిల్లాలో ఆ విభాగం ఏ గదిలో ఉంది? ఆ ఫోను నంబరు ఎంత? రక్షణ గృహం ఏ ఊళ్ళో? సోమవారం అర్జీలు తీసుకునే రోజున అమలాపురం కలెక్టరాఫీసుకి ఊరికి ఇద్దరు చొప్పున వెళ్ళి, ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసిచ్చి, రసీదు అడగండి. గుమస్తా ఏ తీర్పండీ అంటే శక్తివాహిని కేసు, 2018 మార్చి 27, రంగస్థలం సినిమా రావడానికి మూడు రోజుల ముందు అని చెప్పండి.